కడుపు స్కాన్ ఒక్కటే చాలదు

కాళ్లు వాస్తాయి, మూత్రం నురగలు కడుతుంది, అన్నం సయించదు. స్కాన్ తీయిస్తే కాలేయం పెరిగిందని వస్తుంది. ఫ్యాటీ లివర్ అనో, షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిందనో చెబుతారు. మన దగ్గర ఆ రెండూ ఇంటింటి జబ్బులు కాబట్టి చాలాసార్లు ఆ మాటే నిజమవుతుంది. కొద్దిమందిలో మాత్రం అసలు కారణం అమైలాయిడోసిస్. ఒంట్లో తయారైన ప్రొటీన్ సరిగా మడతపడక, సన్నని పోగులై అవయవాల్లో పేరుకుపోయే జబ్బు ఇది. దీన్ని స్కాన్ ఒక్కటే పట్టిస్తుందనుకోవడం ఎంత పొరపాటో, స్కాన్ పనికిరాదనుకోవడమూ అంతే పొరపాటు. స్కాన్‌లో కనిపించినదాన్ని మూత్ర పరీక్షతో, రక్త పరీక్షతో, పాత జబ్బులతో కలిపి చదివితేనే దానికి విలువ.

ఎందుకంటే ఇందులో ఏ గుర్తూ ఈ జబ్బుకే సొంతం కాదు. సీటీలో కాలేయం పెద్దదై, మామూలు కంటే ముదురుగా కనిపించవచ్చు. కొవ్వు చేరినా అలాగే ఉంటుంది. గట్టిదనం కొలిచే ఎలాస్టోగ్రఫీలో అంకె బాగా పెరిగి సిరోసిస్ అనిపిస్తుంది. పేగు గోడ దళసరెక్కితే పేగు క్షయ అనుకుంటారు. ప్లీహం కాంట్రాస్ట్ ఎక్కించాక కూడా సరిగా వెలగదు. అరుదుగా ఏ దెబ్బా తగలకుండానే చిట్లి, లోపల రక్తస్రావమవుతుంది. కిడ్నీల విషయం ఇంకా ఆసక్తికరం. ఏళ్ల తరబడి దెబ్బతిన్న కిడ్నీలు సాధారణంగా కుంచించుకుపోతాయి, ఇందులో మాత్రం చాలాకాలం మామూలు సైజులోనో, ఇంకా పెద్దవిగానో ఉంటాయి. షుగర్‌లోనూ అంతే కదా అనవచ్చు. నిజమే. అయితే షుగర్ వచ్చి ఎంతోకాలం కాలేదు, కంటి రెటీనా బాగానే ఉంది, మూత్రంలో మాత్రం ప్రొటీన్ విపరీతంగా పోతోంది, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే పెరిగింది అనుకోండి. అప్పుడు షుగర్ మీదే నెపం వేసి ఊరుకోవడం తగదు. చీటీ మీద ‘కడుపు నొప్పి’ అని మాత్రమే రాసి పంపితే రేడియాలజిస్టుకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

ఇంత అరుదైన జబ్బు కోసం అందరికీ బయాప్సీ చేయాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందరికీ అక్కర్లేదు, గుర్తులు కలిసొచ్చిన వారికి చాలు. అదీ నేరుగా కాలేయంలో సూది గుచ్చనవసరం లేదు; ఈ రోగుల్లో రక్తస్రావం ముప్పు ఎక్కువ. బొడ్డు పక్కన మత్తు సూది వేసి చర్మం కింది కొవ్వును కాస్త లాగుతారు. దానికి కాంగో రెడ్ రంగు పట్టించి చూస్తే ఎర్రగా కనిపించిన పోగులే పోలరైజ్డ్ వెలుతురులో పచ్చి ఆపిల్ రంగులోకి మారతాయి. ఈ జబ్బులో ఏఎల్ అనే రకం ఉన్నవారిలో సుమారు 70 నుంచి 80 శాతం మందికి ఈ కొవ్వులోనే పోగులు దొరుకుతాయి. దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు, అనుమానం బలంగా ఉంటే దెబ్బతిన్న అవయవం నుంచే ముక్క తీయాలి. ఆ తర్వాత రకం తేల్చాలి. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల వల్ల వచ్చే ఏఎల్‌కు ఆ కణాలను అణిచే మందులు కావాలి. క్షయ, కీళ్లవాతం వంటివి ఏళ్లపాటు వాపు రగిలించడంతో వచ్చే ఏఏకు ఆ మూల జబ్బుకే వైద్యం చేయాలి. దానికి ఏఎల్ మందులు వాడితే కీమో బాధ తప్ప మేలు ఉండదు.