బాస్కెట్‌బాల్: పాయింట్లా, వంతులా?

నెల్లూరు తీరమున మైపాడు వద్ద ఒక పడవవారు పదిమార్లు, మరొకరు ఆరుమార్లు వల వేసి వచ్చినచో, గంపలు మాత్రమే చూచి ఎవరి వేట మేలో చెప్పరాదు. మహిళా కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలకును ఇదే వర్తించును. వేగముగా ఆడు జట్టు పాయింట్లు ఎక్కువ చేయును, ఎక్కువ ఇచ్చును. రక్షణ బలహీనమన్న నింద ఊరక వచ్చిపడును.

బంతి చేతికి వచ్చినది మొదలు ఎదుటి జట్టుకు పోవువరకు ఒక 'వంతు' అందము. గురితప్పిన బంతిని తామే తిరిగి పట్టినచో అది క్రొత్త వంతు కాదు, పాతదే. విద్యార్థులు పొరబడునది ఇచ్చటనే. కావున బుట్టకు విసిరిన వానినుండి తిరిగి పట్టినవి తీసివేసి, చేజార్చుకొన్నవి కూడి, ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో హెచ్చించి కలుపవలెను. ఫ్రీ త్రోలు తరచు జంటగా వచ్చును గనుక ప్రతిదియు వంతును ముగించదు.

60 విసిరి, 10 తిరిగి పట్టి, 19 చేజార్చి, 25 ఫ్రీ త్రోలు పొందిన జట్టుకు 60−10+19+11, అనగా 80 వంతులు. పాయింట్లు 72 అయినచో నూరు వంతులకు 90. వేరొక ఆటలో 60 వంతులలో 60 పాయింట్లే చేసిన జట్టుకో, నూటికి నూరు! ఒకే ఆటలో ఇరుపక్షముల వంతులు దాదాపు సమానమే. వేర్వేరు ఆటలను పోల్చునపుడే ఈ లెక్క అక్కరకు వచ్చును. ఎదిరి జట్ల బలాబలములు మాత్రము ఇందు కానరావు.

అమెరికాలో ఫ్రాంక్ మెక్‌గ్వైర్ 1959లో ప్రచురించిన గ్రంథమునందే వంతులవారీ లెక్క కలదు. రక్షణను తూచుటకు ఎదిరి పాయింట్లను ఎదిరి వంతులచే భాగించిన చాలును.