నమ్మకం వేరు, నైపుణ్యం వేరు

మా నాయనమ్మ మంత్రసాని. అర్ధరాత్రి పురిటినొప్పులు మొదలైతే అగ్రకులాల ఇళ్ళవారు సైతం ఆమెకే కబురంపేవారు. పెరటి గుమ్మం గుండా లోనికి పిలిచేవారు. బిడ్డ భూమ్మీద పడి, ఆమె వెళ్ళిపోయాక ఆమె కూర్చున్న చోటును కడుక్కునేవారు. బిడ్డ అడ్డం తిరిగిందని చేతికి తెలిస్తే మాత్రం, 'ఇది నా వల్ల కాదు, బండి కట్టండి' అని వెంటనే చెప్పేదట. తన విద్యకు హద్దు ఎక్కడో తెలియడమూ విద్యే.

ఆ విద్య పట్టాతోపాటు రాదు. వైద్యులు తమ సామర్థ్యాన్ని ఎంత సరిగా అంచనా వేసుకోగలరన్న అధ్యయనాలపై 2006లో అమెరికా వైద్య సంఘం పత్రిక ఒక సమీక్షను ప్రచురించింది. స్వీయ అంచనాను బయటి కొలతతో పోల్చిన 20 సందర్భాల్లో 13 చోట్ల పొంతన స్వల్పం, లేదా శూన్యం, లేదా తలకిందులు. నైపుణ్యం తక్కువైనవారిలోనూ, నమ్మకం మిక్కిలి ఉన్నవారిలోనూ ఈ పొరపాటు మరీ ఎక్కువని కొన్ని అధ్యయనాలు తేల్చాయి.

ఇది కొత్త జబ్బు కాదు. వియన్నా ఆసుపత్రిలో మంత్రసానుల ప్రసూతి విభాగంలో కన్నా వైద్యుల విభాగంలోనే బాలింతలు ఎక్కువగా మరణించేవారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుడు పోస్తున్నారని సెమ్మెల్‌వైస్ గుర్తించి, క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించాడు. 1847 ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌లో 2కు దిగాయి. అయినా తోటి వైద్యుల్లో చాలామంది ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికిగా ఉండవని వాదించిన ప్రసూతి వైద్యులు ఆ కాలంలో ఉన్నారు.

మన దగ్గర ఆ పెద్దమనిషితనం పుట్టుకతోనే వస్తుంది. రిజర్వేషన్ సీటులో చేరిన వైద్య విద్యార్థి తడబడితే అది కోటా తప్పు. అగ్రకుల విద్యార్థి తడబడితే అది అనుభవలేమి. 'నాకు తెలియదు' అన్న మాట ఒకరి నోట వినయం, మరొకరి నోట అసమర్థతకు సాక్ష్యం. అందువల్ల నిజాయితీగా తనను తాను అంచనా వేసుకునే విద్యార్థి ఆ మాటను దాచుకోవలసి వస్తోంది. ఇందులో నష్టపోయేది దళిత విద్యార్థి మాత్రమే కాదు. ఎవరూ ప్రశ్నించని వైద్యుడి చేతికి చిక్కిన రోగి కూడా.

ప్రతిభ గురించి మాట్లాడేవారు దానిని కొలవనివ్వాలి. మౌఖిక పరీక్షలకు ముందే ప్రకటించిన ప్రమాణాలు, ప్రతి వైద్యుడి చికిత్సా ఫలితాలపై క్రమం తప్పని సమీక్ష, ఇవి అందరికీ ఒకేలా వర్తించాలి. 'ఇది నా వల్ల కాదు' అని సకాలంలో చెప్పడాన్నీ ప్రతిభగా లెక్కించేవరకు, మన వైద్య విద్య మా నాయనమ్మ దగ్గర నేర్చుకోవలసింది మిగిలే ఉంటుంది.