దొరికిన చోటు

ముప్పై ఏళ్ళు ఒక మ్యూజియంలో రిజిస్టరు రాశాను. వస్తువు పేరు, కొలతలు, వచ్చిన తేదీ, తెచ్చినవారి పేరు... ఈ గడులన్నీ నిండేవి. ‘దొరికిన చోటు’ అన్న గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయేది. ఒకసారి చక్కటి కంచు విగ్రహం వచ్చింది. ఎక్కడిదంటే తెచ్చినాయన చెప్పలేకపోయాడు. పై అధికారికీ ఆ సంగతి పట్టలేదు. ‘తెలియదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ గడి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఫ్రోలిక్ రేనీ అంటే నాకు అంత గౌరవం కలగడానికి కారణం ఆ గడే.

1907లో పుట్టిన రేనీ అమెరికా పురావస్తు శాస్త్రవేత్త. 1939లో అలాస్కాలోని పాయింట్ హోప్‌లో, ఇపియుటాక్ అనే చోట, తోటివారితో కలిసి 600కు పైగా పాత ఇళ్ళ ఆనవాళ్ళు గుర్తించారు. అక్కడి సమాధుల్లో, దంతంతో చేసిన కళ్ళు పొదిగిన పుర్రెలు బయటపడ్డాయి. అంతటి మంచునేలలో తవ్విన మనిషి 1947లో ఫిలడెల్ఫియా వచ్చి పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియం డైరెక్టరయ్యారు. దాదాపు 30 ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్నారు.

ఆయన హయాంలోనే ఆ మ్యూజియం గ్వాటెమాలాలోని టికాల్ అనే మాయా నాగరికత నాటి నగరాన్ని తవ్వింది. నేలను తవ్వకుండానే లోపలి గోడల జాడ తీసే పరికరాల మీద ప్రయోగాలు చేయించింది. వీటికన్నా నాకు నచ్చింది ఆయన నడిపిన టీవీ కార్యక్రమం. 1951లో మొదలైన దాని పేరు ‘వాట్ ఇన్ ద వరల్డ్’. గోదాములోంచి ఏదో ఒక వస్తువు తెచ్చి పండితుల ముందు పెట్టేవారు. ఇదేమిటి, ఎక్కడిది, ఎప్పటిది? చూసే జనానికి జవాబు ముందే చెప్పేవారు, పండితులకు మాత్రం చెప్పేవారు కాదు. వాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, అందరి ముందూ పొరపడుతూ, మెల్లగా దారిలో పడేవారు. పురావస్తు శాస్త్రం పనిచేసే తీరు పామరులకు అంతకన్నా బాగా చూపించడం కష్టం.

1966లో ఆ మ్యూజియం ఒక వ్యాపారి దగ్గర 24 బంగారు నగలు కొన్నది. పనితనం చూస్తే 4,000 ఏళ్ళు దాటినవి, ఇప్పటి టర్కీలో ఉన్న ట్రాయ్ నగరపు నగల్లాంటివి. కానీ ఎక్కడ తవ్వారో, ఎవరు తవ్వారో ఎవరికీ తెలియదు. అదే మ్యూజియంలో ఇరాక్‌లోని ఊర్ నగరపు రాణి పువాబి శిరోభూషణం ఉంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. దాన్ని పద్ధతిగా తవ్వి తీశారు కాబట్టి, పక్కనే దొరికిన ముద్ర మీద రాణి పేరు చదవగలిగాం. సమాధిలో ఆమెతోపాటు ఎవరున్నారో కూడా తెలిసింది. రెండూ బంగారమే. ఒకటి కథ చెబుతుంది, రెండోది మూగది.

ఆ మూగతనమే రేనీనీ సహచరులనూ ఆలోచనలో పడేసింది. 1970 ఏప్రిల్ 1న వాళ్ళంతా ఏకగ్రీవంగా ప్రకటించారు: ఎక్కడిది, ఎవరెవరి చేతులు మారింది, దేశం దాటడం చట్టబద్ధమేనా అన్న కాగితాలు లేకుండా ఇకమీదట ఏ వస్తువూ కొనం. మనం పొలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు అడగమూ, ఈసీ తీయించమూ? అంత మామూలు జాగ్రత్త. కానీ అప్పటిదాకా పెద్ద మ్యూజియాలు ఆ మాట అడిగేవి కావు. కొనేవాడు ఉన్నంతకాలం దొంగ తవ్వకాలు ఆగవని ఒక మ్యూజియమే ఒప్పుకోవడం పెద్ద విషయం. ఇలాంటి వస్తువుల దొంగ రవాణాను అరికట్టే యునెస్కో ఒప్పందం వచ్చింది ఆ తర్వాత, అదే ఏడాది నవంబరులో. రేనీ చేసిన తవ్వకాలన్నిటికన్నా ఈ ఒక్క నిర్ణయమే గొప్పదని నేనంటాను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ప్రకాశం జిల్లా చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన ఒక సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. వాళ్ళు దాన్ని 2005లో కొన్నారు. అది చందవరంలో ఉండగా తీసిన ఫోటో ఒకటి ఉండబట్టి నిజం బయటపడింది. 2016లో తిరిగి ఇచ్చేశారు. ఆ ఫోటో తీసిన చేతులకు దణ్ణం పెట్టాలి.

ఫిలడెల్ఫియా నగలూ చివరికి కాస్త నోరు విప్పాయి. ఒక నగకు అంటుకుని ఉన్న చిటికెడు మట్టిని పరీక్షిస్తే, ట్రాయ్ మైదానపు మట్టితో సరిపోయింది. 2012లో ఆ 24 నగలూ టర్కీ చేరాయి.

అందుకే మీకో విన్నపం. చెరువు పూడిక తీస్తుంటేనో, నాగలి కిందో పాత బొమ్మ, నాణెం, కుండ ఏది కనబడినా కడగకండి, తోమకండి. ఉన్నచోట ఉన్నట్టే ఫోటో తీసి, తహసీల్దారుకు చెప్పండి. ఊరి పేరూ, పొలం సర్వే నంబరూ ఒక కాగితం మీద రాసి పెట్టండి.