అరుణకాంతి చికిత్స - వైద్యుల విచారణ

వెలుగునకు, ఆరోగ్యమునకు సంబంధము కలదని మానవుడు బహుకాలము క్రిందటనే ఊహించెను. సంస్కృతకవి మయూరుడు తన చర్మవ్యాధి నివారణకై సూర్యుని స్తుతించుచు సూర్యశతకమును రచించెనని ఒక ఐతిహ్యము కలదు. దానిని ఐతిహ్యముగనే గ్రహింతము. నేడు అంగళ్లలోను, ప్రకటనలలోను వేరొక వెలుగు కీర్తింపబడుచున్నది. ముఖమునకు తొడుగుకొను ఎర్రని ముసుగులు, తలకు పెట్టుకొను టోపీలు, మోకాలికి చుట్టుకొను పట్టీలు 'రెడ్ లైట్ థెరపీ' అను పేరున అమ్ముడుపోవుచున్నవి. ముడుతలు పోవునని, జుట్టు మొలచునని, నొప్పులు మానునని, బరువు తగ్గునని, చూపు బాగుపడునని అమ్మువారు చెప్పుచున్నారు. మరి వైద్యులేమి చెప్పుచున్నారు? దీనిని యథాశక్తి వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము వైద్యులము కాము, భాషాబోధకులము. అయినను ఒక మాటకు అర్థమేమి, అది ఎంతవరకు చెల్లును అని విచారించుట మా వృత్తిలోనిదే గనుక ఈ పనికి పూనుకొంటిమి.

ముందుగా ఈ కాంతి స్వరూపమును తెలిసికొందము. కాంతి తరంగముల పొడవును నానోమీటర్లలో కొలుతురు. ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లుండును. ఈ చికిత్సలో వాడు ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 620 మొదలు 700 నానోమీటర్ల వరకు ఉండును. దానికి తోడుగా, కంటికి కనబడని పరారుణ కాంతిని కూడ కొన్ని పరికరములు ప్రసరింపజేయును. ఎర్రని కాంతి అతినీలలోహిత కిరణముల వలె చర్మమును కమిలింపదు. నీలికాంతి కంటె శరీరములోనికి లోతుగ చొచ్చుకొనిపోవును. చీకటిగదిలో అరచేతి క్రింద టార్చిలైటు వెలిగించి చూచినచో, వ్రేళ్ల గుండా ఎర్రని వెలుగే బయటికి వచ్చుట ఇందుకు నిదర్శనము. నెత్తురు తక్కిన రంగులను అధికముగ పీల్చుకొని ఎరుపును విడిచిపెట్టును.

ఇట్లు లోపలికి చేరిన వెలుగు ఏమి చేయును? మన జీవకణములలో మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు కలవు. కణమునకు కావలసిన శక్తిని ఎ.టి.పి. అను రసాయన రూపమున తయారుచేయు కర్మాగారములివి. వీనిలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను ఎంజైము ఎర్రని కాంతిని గ్రహించుననియు, తత్ఫలితముగ శక్త్యుత్పత్తి పెరిగి గాయములు మానుట, వాపు తగ్గుట మొదలగు మార్పులు కలుగుననియు అనేక శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈ వివరణ ఇంకను సంపూర్ణముగ నిర్ధారితము కాలేదు. మరియొక విశేషమేమనగా, వెలుగు చాలనిచో ఫలితముండదు. మితిమీరినచో ఫలితము తగ్గిపోవును, ఒక్కొక్కప్పుడు తలక్రిందులగును. నారుమడికి నీరు చాలకున్నను చేటే, మునిగిపోవునట్లు పెట్టినను చేటే కదా! కావున 'ఎర్రని దీపము మంచిది' అనుట వైద్యుని దృష్టిలో సగము మాట మాత్రమే. ఏ తరంగదైర్ఘ్యము, ఎంత తీవ్రత, ఎంతసేపు, ఎన్నిదినములు అను లెక్క చెప్పిన గాని అది మందు కాదు.

వైద్యులు ఇంత జాగ్రత్తగ మాటలాడుటకు ఈ చికిత్స చరిత్రలోనే కారణమున్నది. ఫారో ద్వీపములలో 1860లో జన్మించిన నీల్స్ ఫిన్సెన్ అను వైద్యుడు డెన్మార్కు రాజధాని కోపెన్ హేగన్ లో కాంతిచికిత్సకు పునాది వేసెను. మశూచికము సోకినవారిని ఎర్రని తెరలు కట్టిన గదులలో ఉంచినచో, హాని చేయు తక్కిన కిరణములు తగులక మచ్చలు తగ్గునని 1893లో ఆయన ప్రతిపాదించెను. పిమ్మట, చర్మక్షయ రోగులకు తీవ్రమైన దీపకాంతిని కటకముల ద్వారా కేంద్రీకరించి చికిత్స చేసెను. ముఖము తినివేయబడి సమాజమునకు దూరమైనవారు ఎందరో ఈ చికిత్సతో స్వస్థులైరి. అందులకు 1903లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మరుసటి సంవత్సరముననే ఆయన మరణించెను.

ఈ రెండు చికిత్సల గతి ఏమైనది? చర్మక్షయ చికిత్స చాలకాలము నిలిచినది. మశూచికమునకు ఎర్రని గది మాత్రము ఇతర వైద్యుల పరీక్షలో నిలువలేదు. చివరకు మశూచికమును రూపుమాపినది టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి నిర్మూలనమును ప్రకటించెను. ఇంకొక విచిత్రము కలదు. ఫిన్సెన్ దీపములోని అతినీలలోహిత కిరణములే క్షయక్రిములను చంపెనని ఒక శతాబ్దకాలము అందరు విశ్వసించిరి. ఆయన కటకములు 340 నానోమీటర్లకు తక్కువైన కిరణములను దాదాపుగ దాటనీయలేదని 2005లో డేనిష్ పరిశోధకులు చూపిరి. అనగా చికిత్స నిజము, చెప్పుకొన్న కారణము మాత్రము సరికాదు. ఎర్రని గది విషయమున కారణము వినుటకు యుక్తియుక్తముగ ఉండెను, చికిత్స నిలువలేదు. కారణము ఎంత అందముగ ఉన్నను అది ఋజువు కాదని, రోగులపై పోల్చి చూచుటయే ఋజువని దీనివలన తేలుచున్నది.

నేటి అరుణకాంతి చికిత్సకు మూలము హంగేరీలో కలదు. 1960లో లేజరు కనుగొనబడినది. బుడాపెస్టు నగరమున ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు, లేజరు వలన కాన్సరు కలుగునేమో పరీక్షింపగోరి, 1967లో వెంట్రుకలు గొరిగిన ఎలుకలపై తక్కువ శక్తి గల రూబీ లేజరును ప్రసరింపజేసెను. కాన్సరు రాలేదు సరిగదా, వెలుగు సోకిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగ మొలచెను. ఆ పిమ్మట మానని పుండ్లపై ఆయన ప్రయోగములు సాగించెను. తరువాతి కాలమున ఖరీదైన లేజరుల స్థానమున చౌకయైన ఎల్.ఇ.డి. దీపములు వచ్చుటచే ఈ చికిత్స ఆసుపత్రి గడప దాటి బజారునకు చేరినది.

ఇక నేటి వైద్యుల అభిప్రాయమును పరిశీలింతము. అది 'అవును' అనునది కాదు, 'కాదు' అనునదియు కాదు. వ్యాధిని బట్టి మారుచున్నది.

అన్నిటికంటె గట్టి ఆధారము కాన్సరు వైద్యశాలలలో కనబడును. రేడియేషను, కీమోథెరపీ, మూలకణ మార్పిడి పొందు రోగులలో పలువురికి నోరంతయు పుండ్లుపడును. మంచినీరు మ్రింగుటయు దుర్భరమగును; ఒక్కొక్కప్పుడు అసలు చికిత్సనే ఆపవలసి వచ్చును. నోటిలోనికి నియమిత మోతాదులో ఈ కాంతిని ప్రసరింపజేసినచో ఆ పుండ్లు రాకుండుటయో, తగ్గుటయో జరుగుచున్నది. 2018లో బ్రిటనులోని ఆరోగ్య ప్రమాణముల సంస్థ దీనిని అంగీకరించెను. 2020లో కాన్సరు రోగుల సహాయక చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకములు కొన్ని తరగతుల రోగులకు దీనిని సిఫారసు చేసెను. ఇది శిక్షణ పొందినవారు చేయవలసిన పని. ఇంట చేసికొనునది కాదు.

రెండవ తరగతిలో కొంత ఆధారము కలవి చేరును. వంశపారంపర్యముగ జుట్టు పలుచబడువారిలో ఈ కాంతి వలన వెంట్రుకల సంఖ్య కొంత పెరిగినట్లు పరీక్షలు చూపినవి. పూర్తిగ నున్ననైన తలపై మాత్రము ఆశ తక్కువ. ముఖపు ముడుతలు, మొటిమల విషయమున స్వల్ప ప్రయోజనము కనబడినది. మెడనొప్పి తగ్గుటను 2009లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన సమీక్ష సమర్థించినది. నడుమునొప్పి విషయమున 2008 నాటి కోక్రేన్ సమీక్ష, నిశ్చయముగ చెప్పుటకు ఆధారములు చాలవనెను. ఈ పరీక్షలలో పెక్కు చిన్నవి. కొన్నిటికి ధనసహాయము చేసినవారు పరికరముల తయారీదారులే. ఇక బరువు తగ్గుట, కాన్సరు నయమగుట, శరీరములోని విషములు పోవుట మొదలగు ప్రకటనలకు నమ్మదగిన ఆధారము లేదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. పచ్చకామెర్లు వచ్చిన పసిబిడ్డలను మన ఆసుపత్రులలో దీపముల క్రింద పరుండబెట్టుట పలువురు చూచియుందురు. అది ఎర్రని కాంతి కాదు. సుమారు 460 మొదలు 490 నానోమీటర్ల నీలికాంతి. బిడ్డ శరీరములోని బిలిరుబిన్ ఆ కాంతిని గ్రహించి, సులభముగ విసర్జింపబడు రూపమునకు మారును. ఆ దీపము పనిచేయుట ఈ దీపమునకు సాక్ష్యము కాజాలదు.

మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ముఖ్యముగ తెలియవలసినది కంటి విషయము. హ్రస్వదృష్టి గల బాలబాలికల కండ్లలోనికి 650 నానోమీటర్ల ఎర్రని కాంతిని దినమునకు రెండుసార్లు, మూడేసి నిమిషములు ప్రసరింపజేయు పద్ధతి చైనాలో వ్యాపించెను. 264 మంది పిల్లలపై జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో, సంవత్సర కాలమున చూపు క్షీణించుట గణనీయముగ మందగించెను. ఆశ చిగురించినది. కాని 2023లో, ఐదు నెలలు ఈ చికిత్స పొందిన పన్నెండేండ్ల బాలికకు రెండు కండ్ల నేత్రపటలములును దెబ్బతినిన సంగతి వైద్యపత్రికలో వెలువడెను. చికిత్స మానిన పిమ్మట చూపు చాలవరకు తేరుకొనినది. చైనా ప్రభుత్వము 2024 జులై నుండి ఈ పరికరములను అత్యంత కఠిన నియంత్రణ గల మూడవ తరగతిలో చేర్చెను. అదే 2024 నవంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ, వృద్ధులకు వచ్చు ఒక విధమైన నేత్రపటల క్షీణతకు, వైద్యుని గదిలో మాత్రమే వాడదగిన కాంతి పరికరమునకు అనుమతినిచ్చెను. ఒకే రంగు వెలుగు ఒకచోట రక్షణ, ఒకచోట ప్రమాదము. భేదమంతయు మోతాదులోను, పర్యవేక్షణలోను ఉన్నది.

మంచి పరీక్షను ఎట్లు గుర్తించుట? రోగులను రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు అసలు దీపమును, రెండవ జట్టునకు ఉత్తుత్తి దీపమును పెట్టి, ఎవరికి ఏది పెట్టినది రోగికిని, ఫలితము చూచు వైద్యునికిని తెలియకుండ ఉంచవలెను. నొప్పి తనంతట తాను తగ్గవచ్చును. నమ్మకము వలన కూడ తగ్గినట్లుండును. ఉత్తుత్తి దీపముతో పోల్చిన గాని నిజము తేలదు. ఎర్రని వెలుగు కంటికి కనబడును గనుక ఈ గోప్యత పాటించుట కష్టమని కూడ పరిశోధకులు అందురు.

ప్రకటనలలో కనబడు 'ఎఫ్.డి.ఎ. క్లియర్డ్' అను మాటను సైతము తూచి చదువవలెను. జుట్టు కొరకైన లేజరు దువ్వెనకు 2007లో లభించినది ఇట్టి అనుమతియే. ఆ పరికరము అంతకు పూర్వమే అమ్మకములోనున్న వేరొక పరికరముతో సమానమని ఆ సంస్థ అంగీకరించినదని దాని ప్రధానార్థము. కొత్త మందు గుణమును పెద్ద పరీక్షలతో నిరూపించి పొందు ఆమోదము వేరు.

సాధారణముగ చర్మముపై కొద్దికాలము వాడుటలో పెద్ద అపాయము లేదని చర్మవైద్యులు చెప్పుచున్నారు. అయితే అధిక మోతాదులో తెల్లని చర్మము కంటె నల్లని చర్మము ఈ కాంతిని తక్కువగ సహించునని ఒక పరీక్షలో తేలినది. మనవారు దీనిని గుర్తుంచుకొనవలెను. వెలుగు పడని మందులు వాడువారు, లూపస్ వంటి వ్యాధి గలవారు వైద్యుని అడుగక దీని జోలికి పోరాదు.

ఈ పరికరమును కొనదలచినవారు మూడు ప్రశ్నలు వేయవలెను. ఏ వ్యాధికి? ఎంత మోతాదులో? దేనితో పోల్చి చూచిరి? సమాధానము దొరకినచో వైద్యుని సలహాతో వాడవచ్చును. దొరకనిచో ఆ సొమ్ము మిగిలినట్లే. ముఖ్యముగ, మానని పుండు, పెరుగుచున్న గడ్డ, తగ్గుచున్న చూపు ఉన్నవారు దీపము ముందు కూర్చుండి నెలలు గడుపరాదు. ఆ నెలలలోనే అసలు చికిత్సకు తగిన కాలము దాటిపోవచ్చును. మా విద్యార్థులు ఈ సంగతిని తమ ఇండ్లలోని పెద్దలకు వివరించినచో ఈ వ్యాసము తన పని తాను చేసినట్లే.