సముద్రం పక్కన ఇల్లు ఆరోగ్యానికి మేలేనా?

“నాన్నగారు రిటైరయ్యారు. రక్తపు పోటు ఉంది, కొంచెం షుగరు కూడా. ఊళ్ళో ఇల్లు అమ్మేసి విశాఖపట్నంలో బీచి దగ్గర ఫ్లాటు కొంటే, ఆ గాలికి ఆయన ఆరోగ్యం కుదుటపడుతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?”

ఈ ప్రశ్న ఈ మధ్య చాలా ఇళ్ళలో వినబడుతున్నది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో ముడిపడిన సంగతి కనుక, జవాబు కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ముందుగా ఒక్క మాట: సముద్రపు గాలికి రక్తపు పోటు తగ్గదు. రోజూ నడిస్తే తగ్గే అవకాశం ఉంది. మరి బీచి పక్క ఇల్లు మిమ్మల్ని నడిపిస్తుందా, లేక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడుతుందా? ఫలితమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గాలిలో ఏముంది?

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా వైద్యులు రోగులను సముద్ర తీరానికి పంపేవారు. అక్కడి గాలిలో ఓజోన్ ఉంటుందనీ, అది ఊపిరితిత్తులకు బలమనీ నమ్మేవారు. నిజానికి ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువని తరువాత తెలిసింది. సముద్రపు గాలిలోని అయోడిన్ థైరాయిడ్‌కు మంచిదనే మాట కూడా వింటూంటాం. మనకు కావలసిన అయోడిన్‌ను వంటింట్లోని అయోడైజ్డ్ ఉప్పే ఇస్తుంది.

కొందరికి ఇందుకు విరుద్ధమైన భయం ఉంటుంది. ఉప్పుగాలి పీలిస్తే బి.పి. పెరుగుతుందేమోనని! ఊపిరితో లోపలికి వెళ్ళే ఉప్పు లెక్కలోకి రానంత తక్కువ. భయపడవలసింది కంచంలోని ఉప్పుకే. రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలు, నడక ముగించి తినే మిరపకాయ బజ్జీలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఉబ్బసం ఉన్నవారు ఇంకొంచెం ఆలోచించాలి. తీరప్రాంతపు ఇళ్ళలో తేమ ఎక్కువ. తేమ ఉన్నచోట గోడలకు బూజు పడుతుంది. పరుపులలో, దిండ్లలో కంటికి కనబడని పురుగులు పెరుగుతాయి. ఈ రెండూ ఉబ్బసాన్ని రేపుతాయి. పక్కబట్టలను వారానికొకసారి వేడినీళ్ళలో ఉతకండి, పరుపులను ఎండ వేయండి, గదులలో గాలి ఆడనివ్వండి. విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న పారిశ్రామిక నగరమని కూడా మరువకండి. సముద్రం కనబడినంత మాత్రాన గాలి శుభ్రమని అనుకోరాదు. ఇన్‌హేలరు గాని, బి.పి. మాత్ర గాని డాక్టరును అడగకుండా మానవద్దు.

నడిపించే పేట

మరి మేలు ఎక్కడుంది? రామకృష్ణా బీచి చుట్టుపక్కల పేటలనే చూడండి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం దగ్గర ఉన్నందువల్లనే ఆ బీచికి ఆ పేరు వచ్చింది. పాండురంగాపురం నుంచి గాని, కిర్లంపూడి లేఅవుట్ నుంచి గాని నాలుగడుగులు వేస్తే బీచి రోడ్డు వస్తుంది. తూర్పు తీరం కనుక సూర్యోదయం సముద్రం మీదనే. దారి పొడవునా చూడవలసినవి ఎన్నో. గురజాడ, శ్రీశ్రీ వంటివారి విగ్రహాలు, విశాఖ మ్యూజియం, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి. మిట్ట ఎక్కితే 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఊళ్ళో సంగీత సభలకూ, సాహిత్య సమావేశాలకూ, నాటకాలకూ లోటు లేదు. శ్రీశ్రీ పుట్టిన ఊరు, రావిశాస్త్రిగారి ఊరు కదా!

కచేరీకి నడిచి వెళ్ళి, నడిచి వచ్చే మనిషి తాను వ్యాయామం చేస్తున్నానని అనుకోడు. అందుకే మానడు. డాక్టరు చెప్పాడని మొదలుపెట్టిన నడక మూడు వారాలలో మూలపడుతుంది. కూరలకూ, గ్రంథాలయానికీ, గుడికీ, పాటకూ నడిచే నడక ఏళ్ళ తరబడి సాగుతుంది.

కెనడాలోని ఒంటారియోలో 2001 నుంచి 2012 వరకు జరిపిన పరిశీలనలో, నడకకు వీలైన పేటలలో స్థూలకాయం, మధుమేహం తక్కువగా కనిపించాయి. ఇంగ్లండులో 50 ఏళ్ళు దాటిన ఆరు వేలకు పైగా మందిని 14 ఏళ్ళపాటు గమనించారు. సంగీతానికో, నాటకానికో, చిత్రకళా ప్రదర్శనకో తరచు వెళ్ళేవారిలో ఆ కాలంలో మరణాలు తక్కువగా కనిపించాయి. కచేరీయే ఆయుష్షు పెంచిందని దీనితో రుజువు కాలేదు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువగా బయటికి వెళ్ళి ఉండవచ్చు. అయినా ఇల్లు కదలడం, నలుగురిని కలవడం, మనసుకు మేత దొరకడం, ఈ మూడూ మంచివనడంలో సందేహం లేదు.

ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే తగిన వేగం. అలవాటు లేనివారు పది నిమిషాలతో ప్రారంభించవచ్చు. ఒక విగ్రహం నుంచి ఇంకొక విగ్రహం వరకు అని గుర్తు పెట్టుకుని, వారం వారం కొంచెం పెంచుకోండి. భోజనం తరువాత కాసేపు మెల్లగా నడిస్తే రక్తంలో చక్కెర మరీ పైకి పోదు. గుండెలో బిగింపు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం కనబడితే వెంటనే ఆగి కూర్చోండి. రెండు నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోను చేయించండి.

ఇంకొక మాట. చాలా ఇళ్ళలో నాన్నగారు వాకింగుకు, అమ్మగారు వంటింటికి! ఆమెకూ బి.పి. ఉంటుంది, ఆమెకూ మోకాళ్ళుంటాయి. ఉదయం కాఫీ అరగంట ఆలస్యమైతే కొంప మునగదు. ఇద్దరూ కలిసే బయలుదేరండి.

ఇసుక, ఉక్క, ఎండ

మెత్తని ఇసుకలో నడకకు గట్టినేల మీదకన్న రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. వయసులో ఉన్నవారికి అది మంచిదే. మోకాళ్ళ నొప్పులవారికీ, గుండెజబ్బువారికీ రోడ్డు పక్క కాలిబాటే క్షేమం. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉన్నా ఏటవాలుగా ఉంటుంది. ఒకే వైపుగా పోతే ఒక కాలి మీద భారం పడుతుంది. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా ఇసుకలోకి దిగనే కూడదు. పాదాలలో స్పర్శ తగ్గితే గాజుపెంకు గుచ్చుకున్నా, ఇసుక కాలినా తెలియదు. ఇంటికి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, ఒకసారి పరీక్షగా చూసుకోండి.

తీరంలో ఎండ కంటె ఉక్క ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండాకాలంలో ఉదయం ఏడులోపల గాని, పొద్దు వాలాక గాని నడవండి. మంచినీళ్ళు, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ తాగుతూండండి. బి.పి.కి నీరు తీసే మాత్రలు వాడేవారికి ఉక్కరోజులలో తల తిరగవచ్చు. వారూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ ఎంత నీరు తాగాలో డాక్టరును అడగాలి.

చెమట నిలిచే గజ్జలలో, చంకలలో తామర పుట్టడం తీరప్రాంతంలో మామూలే. తడిసిన బట్టలు వెంటనే మార్చండి. మందుల షాపులో అడిగి స్టిరాయిడు కలిసిన మలాములు కొనవద్దు. రెండు రోజులు దురద తగ్గినట్లే ఉండి, తామర ఇంకా మొండికెత్తుతుంది.

అలలతో ఆటలొద్దు

రామకృష్ణా బీచిలో నీటికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. అల వెనక్కు పోయేటప్పుడు లోపలికి లాగే ప్రవాహం ఈత వచ్చినవారినీ వదలదు. సెలవులకు వచ్చిన మనుమలను మోకాటి లోతు దాటనివ్వకండి. ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు పెనుగులాడక, ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. మునిగిన మనిషిని తలకిందులు చేయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం తప్పు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇస్తూ, ఛాతీ నొక్కుతూ, 108ని పిలిపించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా అతలాకుతలం చేసిందో చూశాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, లిఫ్టులు కదలలేదు. ఆ నెలలలో కనీసం పది రోజుల మందులు ఇంట్లో ఉంచుకోండి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ సీసాను మూతగల డబ్బాలో పెట్టి చిన్న ముంతలో ఉంచి, ఆ ముంతను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో పెట్టండి.

కొనేముందు

ముందే ఇల్లు అమ్మేయకండి. మొదట అద్దెకు దిగండి. మే నెలలో కొన్నాళ్ళు, వానాకాలంలో కొన్నాళ్ళు ఉండి చూడండి. ఇంటినుంచి కూరల దుకాణానికి, మందుల షాపుకు, డాక్టరు దగ్గరకు నడిచి వెళ్ళగలరా? కాలిబాట నడవనిస్తుందా, లేక బళ్ళు, తోపుడు బండ్లతో నిండి ఉందా? రోడ్డు దాటడం సులువా? కూర్చోను బెంచీలు, అవసరానికి మరుగుదొడ్డి ఉన్నాయా? మిట్ట ఎక్కవలసి వస్తుందా?

అన్నిటికంటె పెద్ద ప్రశ్న, అక్కడ పలకరించేవారున్నారా? సొంత ఊళ్ళో నలభై ఏళ్ళ స్నేహితులు, ఎరిగిన డాక్టరు, అరుగు మీద కబుర్లు వదులుకుని తలుపులు మూసిన ఫ్లాట్ల మధ్యకు వస్తే, కిటికీలోని సముద్రం నాలుగు రోజులలో పాతబడుతుంది. రెండు నెలలు గడిచేసరికి పేరు పెట్టి పిలిచేవారు నలుగురు ఏర్పడితే కొనండి. లేకపోతే వెనక్కు వెళ్ళడానికి ఇల్లు ఉండనే ఉంది.

సముద్రం లేని ఊరివారు నిరాశపడనక్కరలేదు. రాజమండ్రిలో గోదావరి గట్టు ఉంది, వరంగల్లులో భద్రకాళి చెరువు కట్ట ఉంది, హైదరాబాదులో విగ్రహాల వరుసతో ట్యాంక్‌బండ్ ఉంది. ఏదీ లేకపోతే కాలేజీ మైదానం, గ్రంథాలయానికి పోయే వీధి ఉండనే ఉన్నాయి. ఈ సాయంత్రమే ఇంట్లోవారితో కలిసి పది నిమిషాలు నడిచి చూడండి. ఫ్లాటు సంగతి తరువాత ఆలోచించవచ్చు.