‘రయ్యత్’ నుండి ‘ఇమ్రోజ్’ వరకు: మర్హూం షోయబుల్లా ఖాన్ పత్రికాసేవ

ఉర్దూ నుండి తెలుగు చేసేవారిని చిక్కులో పెట్టే మాటలలో ‘రయ్యత్’ ఒకటి. అరబీలో దీనికి మొదటి అర్థం కాపరి రక్షణలోని మంద. దానినుండి పాలకుని సంరక్షణలోని ప్రజలు అన్న అర్థం వచ్చినది. మన నేలకు చేరేసరికి అది ‘రైతు’ అయినది. మా బద్వేలులో చేను దున్నే మనిషి, హిందువైనా ముస్లిమైనా, తాను అరబీ మాట పలుకుతున్నానని అనుకోడు. మీలో ప్రతి ఒక్కరూ కాపరియే, తన మందను గూర్చి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) బోధించిన ప్రసిద్ధ హదీసులోని మాట ఇదే.

హైదరాబాదు సంస్థానంలో ఈ పేరుతోనే ఒక ఉర్దూ పత్రిక వెలువడేది. దాని సంపాదకులు మందుముల నరసింగరావు గారు. ఒక హిందువు ఉర్దూ పత్రిక నడపడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని ఆనాడు కచేరి భాష ఉర్దూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. ఏలేవారి చెవిని పడవలెనంటే ఆ భాషలోనే వ్రాయవలెను. ఉర్దూ ఒక్క మతంవారి సొత్తు అన్న భావం తరువాత బలపడినది, అది ఉర్దూకు మేలు చేయలేదు.

షోయబుల్లా ఖాన్ ఈ ‘రయ్యత్’లో పనిచేశారు. ఆయన 1920లో ఖమ్మం ప్రాంతంలో జన్మించి, ఉస్మానియాలో పట్టభద్రులైనారు. ‘రయ్యత్’ను నిజాం ప్రభుత్వం మూయించిన తరువాత, బూర్గుల రామకృష్ణారావు గారి వంటి మిత్రుల తోడ్పాటుతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రికను స్థాపించారు. ఇమ్రోజ్ అనగా నేడు. అది నడిచినది సుమారు తొమ్మిది నెలలు మాత్రమే.

ఆ తొమ్మిది నెలలలో ఆయన వ్రాసినదేమి? సంస్థానం భారత యూనియన్‌లో చేరవలెనని, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావలెనని, కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దౌర్జన్యాలు ఆగవలెనని. ఈ మాటలు తెలుగు పత్రికలో వస్తే ముస్లిం పాఠకుడు ఎదుటిపక్షం వాదమని త్రోసివేయగలడు. ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుని కలంనుండి వచ్చినప్పుడు అలా త్రోసివేయడం కష్టం. 1948 ఆగస్టులో యూనియన్‌తో చేరికను కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను కూడా ‘ఇమ్రోజ్’ అచ్చువేసినది. ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళ్ళుచుండగా దుండగులు ఆయనపై దాడిచేసి, వ్రాసే చేతిని నరికారు. మరునాడు తెల్లవారుజామున కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు నిండలేదు.

మా ప్రాంతం 1800లోనే నిజాం చేతినుండి కంపెనీకి పోయిన దత్తమండలాలలోనిది. అందుచేత 1948 మా పెద్దలకు వినికిడి మాత్రమే. అయినా ఆయన ప్రసక్తి వస్తే, “ఆయన మనవైపా, వాళ్ళవైపా?” అని అడిగేవారు ఇక్కడా ఉన్నారు. ప్రశ్నే పొరపాటు. అన్నిసా సూరా 135వ వాక్యం న్యాయానికి సాక్షులుగా నిలువుడని, అది తమకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా వెనుదీయరాదని ఆదేశిస్తున్నది. దౌర్జన్యపరుడైన సోదరునికి సహాయం చేయడమెట్లని సహచరులు అడిగినప్పుడు, అతనిని దౌర్జన్యం నుండి ఆపడమే సహాయమని దైవప్రవక్త (స) వివరించారు. షోయబ్ తన జాతికి ఆ సహాయమే చేశారు. ఆయన పేరును ముస్లింలను దెప్పడానికి వాడుకొనేవారు, ఆయన పేరెత్తడానికే జంకేవారు, ఇరువురూ ఆ పత్రికను పక్కనబెట్టి హత్యను మాత్రమే చూస్తున్నారు.

మరొక సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. ఆయన మరణించిన నెలరోజులలోపే, సెప్టెంబరు 13 నుండి 17 వరకు, పోలీసు చర్య జరిగినది. ఆ సమయంలోను, ఆ తరువాతను పలు జిల్లాలలో ముస్లిం గ్రామస్థులు వేల సంఖ్యలో హతులైనారు. దీనిపై విచారణకు భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం, ఎంత తక్కువగా చూచినా మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉందురని అంచనా వేసినది. ఆ నివేదిక 2013 వరకు సామాన్య పాఠకులకు అందలేదు. ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ సాహెబ్ ఉన్నారు. ఆయనా ఉర్దూ పత్రికా రచయితే, హైదరాబాదులో ‘పయామ్’ను స్థాపించినవారు. రజాకార్ల చేతిలో నలిగిన పల్లెలను గూర్చి షోయబ్ వ్రాయగా, ఆ తరువాత నలిగిన పల్లెలకు గఫ్ఫార్ సాహెబ్, సుందర్‌లాల్ గారు కలిసి వెళ్ళి సాక్ష్యం సేకరించారు. రెండుచోట్లా చచ్చినది రయ్యతే.