ప్రాసెసర్ మారిస్తే సరిపోదు బాస్!

క్యాంపస్ ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. ‘కంప్యూటర్లో పాత ప్రాసెసర్ తీసేసి, పదింతలు వేగమైనది పెట్టాం. ప్రోగ్రామ్ కూడా పదింతలు వేగంగా నడుస్తుందా?’ ఏం చెబుతారు?

ఫైనలియర్‌లో నన్ను ఇదే అడిగారు. ‘నడుస్తుంది సార్’ అని ఠక్కున అనేశా. ‘ఎలా?’ అన్నారు. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. సరైన జవాబు నాకు ఆ తర్వాత దొరికింది. అదీ పాఠ్యపుస్తకంలో కాదు, నేను పుట్టకముందే మార్కెట్లోకి వచ్చిన ఓ కంప్యూటర్లో! ఆ కథేంటో చూద్దాం.

మూత విప్పితే...

కమడోర్ కంపెనీ 1987లో ‘అమీగా 500’ అనే హోమ్ కంప్యూటర్ తెచ్చింది. యూరప్‌లో చాలా ఇళ్లలో పిల్లలు దీన్ని టీవీకి తగిలించి ఆటలాడుకునేవారు. ఇందులోది మోటరోలా 68000 ప్రాసెసర్. వేగం సుమారు 7 మెగాహెర్ట్జ్. ర్యామ్ 512 కేబీ. ఈరోజు మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

కమడోర్ 1994లో దివాలా తీసింది. కానీ అభిమానులు మాత్రం ఆ కంప్యూటర్‌ను వదల్లేదు. దాని వేగం పెంచే ‘యాక్సిలరేటర్ కార్డులు’ ఇప్పటికీ తయారుచేస్తూనే ఉన్నారు. మూత విప్పి, 64 కాళ్ల పాత చిప్‌ను సాకెట్‌లోంచి తీసి, దాని స్థానంలో కార్డును గుచ్చుతారు. కార్డు మీద 68030 లాంటి వేగమైన చిప్ ఉంటుంది. పాత చిప్ ఏ పిన్ను మీద, ఏ క్షణాన, ఏ సంకేతం పంపేదో కార్డు కూడా అచ్చం అలాగే పంపాలి. ఏమాత్రం తేడా వచ్చినా కంప్యూటర్ లేవదు.

అసలు కిటుకు ఇక్కడే

చిప్ మార్చాం కదా, ఇక దూసుకుపోతుందనుకుంటాం. కానీ అమీగాలో బొమ్మలు, శబ్దాలు చూసుకునే ప్రత్యేక చిప్‌లూ, ప్రాసెసరూ ఒకే మెమొరీని పంచుకుంటాయి. దాన్ని ‘చిప్ ర్యామ్’ అంటారు. దానికి వెళ్లే దారి మాత్రం పాత వేగంలోనే ఉంటుంది. కొత్త బుల్లెట్ బండి కొన్నా రైల్వే గేటు పడితే సైకిల్ పక్కన ఆగాల్సిందే కదా. ఇదీ అంతే!

చిన్న లెక్క వేద్దాం. ఒక ప్రోగ్రామ్‌కు 10 సెకన్లు పడుతోంది. అందులో 5 సెకన్లు లెక్కలకు, 5 సెకన్లు మెమొరీ కోసం ఎదురుచూడటానికి. ప్రాసెసర్ వేగం పదింతలైతే లెక్కలు అర సెకనులో అయిపోతాయి. ఎదురుచూపు మాత్రం 5 సెకన్లు అలాగే ఉంటుంది. మొత్తం 5.5 సెకన్లు. అంటే పదింతలు కాదు, రెండింతలు కూడా కాదు! జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం సారాంశం ఇదే. సెమిస్టర్‌లో బట్టీ పట్టి మర్చిపోయింది నాకు ఇక్కడే అర్థమైంది.

అందుకే మంచి యాక్సిలరేటర్ కార్డు మీద ప్రాసెసర్ ఒక్కటే ఉండదు. పక్కనే దాని సొంత ‘ఫాస్ట్ ర్యామ్’ కూడా ఉంటుంది. ప్రోగ్రామ్ అందులో కూర్చుంటే గేటు దగ్గర ఆగే పని తగ్గుతుంది. అసలు వేగం అప్పుడు బయటపడుతుంది.

ఇప్పుడు మూడు దారులు

ఒకటి: పాతకాలపు 68030, 68060 లాంటి అసలు చిప్‌లతోనే కార్డు చేయడం.

రెండు: ఎఫ్‌పీజీఏ. అంటే మనం రాసిన డిజైన్‌ను బట్టి సర్క్యూట్‌గా మారే చిప్. ‘వాంపైర్’ కార్డులు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

మూడు: ‘పైస్టార్మ్’. ఇందులో రాస్ప్‌బెర్రీ పై బోర్డే 68000లా నటిస్తుంది. అమీగా సంకేతాలు 5 వోల్టులు, పై బోర్డువి 3.3 వోల్టులు. ఈ తేడాను సర్దుతూ, సమయాన్ని కుదర్చడానికి మధ్యలో చిన్న చిప్‌లుంటాయి. రాస్ప్‌బెర్రీ పై 3ఏ+ వేగం 1.4 గిగాహెర్ట్జ్. అయినా అమీగా చిప్ ర్యామ్‌ను ముట్టుకోవాలంటే అదీ గేటు దగ్గర ఆగాల్సిందే!

ఇక్కడో తమాషా ఉంది. రాస్ప్‌బెర్రీ పైలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. 1985లో మొదటి ఆర్మ్ చిప్‌ను ఇంగ్లండ్‌లోని ఏకార్న్ కంపెనీ పరీక్షించింది ఎలాగో తెలుసా? ‘బీబీసీ మైక్రో’ అనే హోమ్ కంప్యూటర్‌కు రెండో ప్రాసెసర్‌గా తగిలించి! సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌ల డిజైన్ అది. మన దేశంలో 1984లో ‘క్లాస్’ పేరుతో బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే కార్యక్రమం మొదలైనప్పుడు బడులకు వచ్చినవి ఈ బీబీసీ మైక్రోలే. అలా పాత కంప్యూటర్‌కు తోడుగా మొదలైన ఆర్మ్, ఇప్పుడు మీ జేబులోని ఫోన్లో ఉంది.

మనకేంటి ఉపయోగం?

ఏఐ పనులకు వాడే ఖరీదైన జీపీయూల పక్కన హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమొరీ ఎందుకు పెడుతున్నారు? ఫాస్ట్ ర్యామ్ పెట్టిన కారణంతోనే. లెక్క ఎంత వేగంగా చేసినా డేటా రాకపోతే చిప్ ఖాళీగా కూర్చుంటుంది. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీల కార్యాలయాలున్నాయి. ఆర్‌టీఎల్ డిజైన్, వెరిఫికేషన్, ఎంబెడెడ్ ఉద్యోగాలకు వెళ్లాలనుకుంటే ‘ఎక్కడ ఆగుతోంది?’ అని అడగడం అలవాటవ్వాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సర్వర్ నెమ్మదించిన ప్రతిసారీ పెద్ద మెషీన్ కొనమనే ముందు, గేటు ఎక్కడ పడిందో చూడాలి.

ఇలా మొదలుపెట్టండి

* అమీగా కొనక్కర్లేదు. ‘విన్‌యూఏఈ’ అనే ఉచిత ఎమ్యులేటర్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. అసలు రోమ్‌కు కాపీరైట్ ఉంది కాబట్టి పైరేటెడ్ జోలికి వెళ్లొద్దు. ‘ఏరాస్’ అనే ఉచిత రోమ్ అందులోనే ఉంటుంది.

* సైకిల్ ఎగ్జాక్ట్ ఆప్షన్ ఆన్ చేసి, 68030ని ముందు చిప్ ర్యామ్‌తోనే నడపండి. తర్వాత ప్రాసెసర్ పక్కనుండే ఫాస్ట్ ర్యామ్ జోడించండి. రెండుసార్లూ ఒకే ప్రోగ్రామ్‌కు పట్టిన సమయం రాసుకోండి.

* ఈసీఈ విద్యార్థులైతే వెరిలాగ్‌లో చిన్న మెమొరీ కంట్రోలర్ రాసి, సిమ్యులేటర్‌లో వేవ్‌ఫామ్ చూడండి. ఓపెన్ సోర్స్‌లో దొరికే యాక్సిలరేటర్ కార్డుల డిజైన్లను కైక్యాడ్‌లో తెరిచి, ఏ తీగ ఎక్కడికి పోతోందో గమనించండి.

* చూసింది ఒక పేజీలో రాయండి. రెజ్యుమెలో ‘కంప్యూటర్ ఆర్కిటెక్చర్ తెలుసు’ అనే ఒక్క ముక్క కంటే ఈ పేజీకే బలమెక్కువ.

రేపు ఎవరైనా మీకు ఆ పదింతల ప్రశ్న వేస్తే నాలా తొందరపడకండి. ‘మెమొరీ సంగతేంటి సార్?’ అని ఎదురు అడగండి. సంభాషణ అక్కణ్నుంచి మీ చేతిలోకి వస్తుంది.